హార్బర్ లేన్‌లో తలుపు

సెంబవాంగ్, సింగపూర్
ఫిబ్రవరి 1998

అక్కా,

ఆదివారం షాపుకి ఫోన్ చేస్తే ఓనరు జనార్ధనరావు గారే ఎత్తారు. "మీ అక్క ఇక్కడే ఉన్నాది బాబూ. పనిలో ఉన్నాదంట, ఉత్తరం రాయమంతంది" అన్నారు. ఆదివారం పూట క్యాసెట్ల షాపులో నీకంత ఊపిరాడని పనేమిటో నాకు అర్థం కాలేదు. విదేశం నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే అందరి అక్కలూ పరుగెత్తుకొస్తారు. నాకు దొరికిన అక్క రిసీవర్ కూడా ముట్టుకోదు. సరే, రాస్తున్నాను.

ఇక్కడ నా పని ఏమిటని పోయినసారి అడిగావు. బ్యాంకు వాళ్ళ కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసి పెట్టుకున్నారు. రెండు వేల సంవత్సరం రాగానే అవి వెనక్కి వెళ్ళి పంతొమ్మిది వందలనుకుంటాయని భయం. ఆ అంకెలు దిద్దడానికి మనవాళ్ళని విమానాల్లో తెచ్చి దింపుతున్నారు. నేనుండే ఫ్లాట్‌లో అందరం అదే పని. గుంటూరు నుంచి వచ్చిన కౌశల్ వంట చేస్తాడు, నేను గిన్నెలు కడుగుతాను.

అసలు విషయం ఇది. నిన్న ఆఫీసు దగ్గర సీడీల షాపు అద్దానికి ఒక పోస్టరు అంటించి ఉంది. నలుగురు బట్టతల తాతలు, పొట్టల మీద తోలు జాకెట్లు బిగించుకుని నిలబడ్డారు. ఎవరా అని చూస్తే టిన్ కర్ఫ్యూ బ్యాండు. మన టిన్ కర్ఫ్యూ, అక్కా. చెవికి పిన్నీసు గుచ్చుకున్న ఆ పాటగాడు ఇప్పుడు అచ్చం మన పరంధామయ్య మాస్టారిలా ఉన్నాడు. ఇరవై ఏళ్ళ పాటల్లోంచి మంచివి ఏరి ఒక్క సీడీగా వేశారట. వెనకున్న జాబితాలో పధ్నాలుగో పాట "హార్బర్ లేన్".

పోర్టులో దిగిన ఆ ఇంగ్లీషు నావికుడు మన షాపుకి వాళ్ళ ఎల్పీ రికార్డు పట్టుకొచ్చిన రోజు గుర్తుందా? తనకి క్యాసెట్ చేసిపెట్టమన్నాడు, మనకీ ఒకటి చేసుకున్నాం. చివరి పాట ఈ "హార్బర్ లేన్", అది మూడో చరణం దాటగానే కరెంటు పోయింది. పాటగాడి గొంతు సాగి సాగి ఆగిపోయింది. ఓడ కదిలిపోతుందని ఆ నావికుడు రికార్డు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఓడ సింగపూర్ వెళుతోందనే చెప్పాడు. నేనుంటున్న ఈ సెంబవాంగ్‌లో ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ నౌకాస్థావరం ఉండేదట. షిప్‌యార్డ్ వైపు నడిచినప్పుడల్లా, ఆ పాట చివర ఏమైందో తెలిసిన మనిషి ఇక్కడే ఎక్కడో దిగి ఉంటాడనిపిస్తుంది.

ఇన్నాళ్ళకి మన పందెం తేలబోతోంది. పాటలో వాడు కొట్టే ఆ తలుపు తెరుచుకోదు, రాసి పెట్టుకో.

ఉదయ్

*

విశాఖపట్నం
మార్చి 1998

ఒరేయ్ ఉదయ్,

నేను క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పధ్నాలుగో పాట అన్నచోట కింద గీత కూడా గీశాను, నవ్వుకో.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే, ప్రతి తలుపూ మూసే ఉంటుందంటావు. పాటలో వాడు మొదటి చరణంలో తలుపు కొట్టి పాలవాణ్ణి అంటాడు. రెండోసారి పోలీసునంటాడు. మూడోసారికి గొంతు దించి, నేనే, మీ ఇంటివాణ్ణే అంటాడు. ఇంటివాడు వచ్చి కొడితే తీయనివాళ్ళు ఉంటారా? తీస్తారు. నేను పదిహేనేళ్ళుగా అదే చెబుతున్నాను.

ఆ సీడీ కొను. అయితే దాని మీద చుట్టిన ప్లాస్టిక్ కాగితం చింపకు. ఇద్దరం కలిసి మొదలుపెట్టింది ఒక్కడివే ముగిస్తే ఊరుకోను. అది నా దగ్గరికి వచ్చాక నేను పెడతాను, ముందు నేను విని నీకు చెబుతాను. పెద్దదాన్ని, ఆ హక్కు నాదే. పోస్టులో మాత్రం పంపకు. పోయినసారి నువ్వు పంపిన గడియారం పార్సిల్‌లో గడియారం తప్ప అన్నీ వచ్చాయి. మనవాళ్ళెవరైనా వస్తుంటే చేతికివ్వు. మనిషి చేతికిస్తే భద్రంగా చేరుతుంది. నువ్వు కిందటేడు ఇచ్చివెళ్ళిన ప్లేయర్ తుడిచి పెట్టాను. షాపులో మూలపడ్డ పెద్ద స్పీకర్లు కూడా జనార్ధనరావు గారినడిగి పైన నా గదికి తెప్పించుకున్నాను.

దగ్గు మళ్ళీ తిరగబెట్టింది. టీబీ ఆసుపత్రిలో ఈసారి మాత్రలతో పాటు సూది మందు కూడా పెట్టారు, రోజూ వెళ్ళాలి. ఇది నీకు కబురు కోసం చెబుతున్నాను, కంగారు కోసం కాదు.

ఫోన్ చేయకు. ఉత్తరమే రాయి. నీ అక్షరాలు కోడి కెలికినట్టున్నా ఫర్వాలేదు.

అక్క

*

సెంబవాంగ్
ఏప్రిల్ 1998

అక్కా,

కొన్నాను. షాపులో ఒక్కటే ఉంది. కౌంటర్ దగ్గరి చైనా అంకుల్ నన్నూ సీడీనీ మార్చి మార్చి చూసి, "దిస్ వన్ ఓల్డ్ మ్యాన్ మ్యూజిక్ లా" అన్నాడు. మా అక్కకి అన్నాను. మీ అక్క మంచిది అన్నట్టు తలూపాడు.

కాగితం చింపలేదు. రాత్రి దాన్ని తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటే కౌశల్ వింతగా చూశాడు. వాడికి ఒక ప్లేయర్ ఉంది. నీ మాట కోసం ఆగాను, గుర్తుంచుకో.

ఇక్కడే యూ టీ అనే పేటలో ఉండే కృష్ణమూర్తి అంకుల్ వాళ్ళు బంధువుల పెళ్ళికని వస్తూ వైజాగ్ కూడా వస్తున్నారు. సత్యవాణి ఆంటీ పుట్టిల్లు మన సీతమ్మధారలోనే. మొన్న వాళ్ళింట్లో భోజనం చేసి సీడీ ఆవిడ చేతికిచ్చాను. నా కళ్ళ ముందే చీరల మడతల్లో పెట్టి పెట్టె మూసింది. "మీ అక్కకి నా చేత్తో నేనే ఇస్తా కదా, దిగులెందుకు" అంది. వచ్చే వారం బయలుదేరుతున్నారు.

పెద్ద స్పీకర్లు పైకి తెప్పించావంటే నవ్వొచ్చింది. ఆ గదిలో అంత చప్పుడు పెడితే కింద షాపులో పాటలు కొనేవాళ్ళు పారిపోతారు. చిన్నప్పుడు సౌండు కాస్త పెంచితే నెత్తిన మొట్టేదానివి నువ్వే.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి నువ్వే ఎత్తావు. నేను అక్కా అక్కా అంటూనే ఉన్నాను, నువ్వు "ఎవరండీ, ఎవరు కావాలండీ" అని అడిగి అడిగి పెట్టేశావు. లైన్ అంత పాడైందా?

ఉదయ్

*

విశాఖపట్నం
మే 1998

ఉదయ్,

లైన్ పాడవలేదు.

నీకు రాయకూడదనుకున్నాను. కానీ ఫోన్‌లో ఉన్నది నువ్వని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియలేదు. తమ్ముడి గొంతు పోల్చుకోలేకపోయానని రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ సూది మందు చెవుల్ని తినేస్తోంది. అందరికీ అలా అవదట, కొందరికే అవుతుందట. ఆ కొందరిలో మనం ఎప్పుడూ ఉంటాం కదా. మొదట కుక్కర్ విజిల్ పోయింది. అన్నం మాడిన వాసనొస్తే తప్ప తెలిసేది కాదు. తర్వాత షాపులో క్యాసెట్లు సరిచూసేటప్పుడు పాటల్లో తాళాల మోత పోయింది, తర్వాత వేణువు. టేపులే అరిగిపోయాయని రెండు క్యాసెట్లు తిరగ్గొట్టాను. జనార్ధనరావు గారు వాటిని విని, మళ్ళీ అరలో పెట్టేశారు. ఇప్పుడు నన్ను లేబుళ్ళు రాయడానికి కూర్చోబెట్టారు.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. మందు ఆపితే ఊపిరితిత్తులు పోతాయి, ఆపకపోతే చెవులు పోతాయి. పోయినవి తిరిగి రావు. వేరే మందులున్నాయా అంటే, నా రోగం వాటికి లొంగడం లేదన్నాడు. నేను ఊపిరే ఉంచుకున్నాను. తప్పు చేశానా అని రోజూ సూది దగ్గర క్యూలో నిలబడినప్పుడు అనుకుంటాను.

ఎడమ చెవి ఇంకా కొంచెం పలుకుతోంది. దగ్గరగా పెడితే పాట పాటలాగే తెలుస్తోంది. అందుకే స్పీకర్లు. నాకేమీ పెద్ద కోరికలు లేవు, ఆ పాట చివర ఒక్కసారి వినాలి. ఆ తర్వాత పోతే పోనీ.

మీ సత్యవాణి ఆంటీ ఇంకా రాలేదు. సీతమ్మధారలో వాళ్ళ పుట్టింటికి నేనే వెళ్ళి అడిగాను. ముందు రాజమండ్రిలో దిగారట. త్వరగా కనుక్కో.

అక్క

*

సెంబవాంగ్
మే 1998

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద చదివాను. మళ్ళీ సీట్లోకి వెళ్ళి కూర్చోలేకపోయాను.

ఇక్కడ తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. రాజమండ్రిలో కృష్ణమూర్తి అంకుల్ తండ్రికి పక్షవాతం వచ్చిందట. వాళ్ళు అక్కడే ఉండిపోయారు. పెట్టెలు మాత్రం ఆంటీ మరిదిగారి కారులో హైదరాబాద్ వెళ్ళిపోయాయట, పెళ్ళి బట్టలు అందులోనే ఉన్నాయని. ఆంటీ ఫోన్‌లో ఏడ్చేసింది. ఆ పరిస్థితిలో మా సీడీ ఏదీ అని గట్టిగా ఎలా అడగను? అడిగాను కూడా, సిగ్గు విడిచి. మరిదిగారి ఇంటికి తాళం వేసి ఉందట, పెళ్ళికి నెల్లూరు వెళ్ళారట. ఆ తాళం తీసి పెట్టె వెతికిపెట్టేవాడు ఒక్కడూ దొరకలేదు.

చైనా అంకుల్ దగ్గరికి పరుగెత్తాను. ఇంకొకటి తెప్పించమన్నాను. "ఆర్డర్ క్యాన్, బట్ వెయిట్ లాంగ్ లా" అన్నాడు. ఇంగ్లండ్ నుంచి రావాలట. ఊళ్ళో ఉన్న సీడీ షాపులన్నీ తిరిగాను. ఆ పేరే చాలామంది వినలేదు.

సెలవడిగాను. ఈ నెలాఖరుకి బ్యాంకులో కొత్త ప్రోగ్రాములు ఎక్కించాలి, అప్పటిదాకా ఎవరూ కదలడానికి లేదన్నారు. చావు కబురైతే తప్ప అన్నారు. అక్క చెవులు అన్నాను. మేనేజరు చాలా మంచిగా విన్నాడు, విని కుదరదన్నాడు. ఉద్యోగం వదిలేసి వచ్చేయొచ్చు. రాలేదు. ఎందుకు రాలేదో రాస్తే సమర్థించుకున్నట్టుంటుంది.

ఒక్క మాట నన్ను తినేస్తోంది. ఆ కాగితం చింపి, కౌశల్ ప్లేయర్‌లో పెట్టి ఒక క్యాసెట్ తీసుకుని ఉంటే? చిన్నప్పటి నుంచి చేసిన పని. అరగంట పట్టేది. ఏ పాట అయినా మన షాపు గడప దాటేముందు ఒక కాపీ తీసి ఉంచుకోమని నాకు నేర్పింది నువ్వే.

వేరే డాక్టరుకి చూపించు. నా మాట విను.

ఉదయ్

*

విశాఖపట్నం
జూన్ 1998

ఉదయ్,

వేరే డాక్టరుకి చూపించాను. ఆయన ఒక కాగితం మీద రాసి చూపించాడు, ముందాయన చెప్పిందే. గోరుచుట్టు మీద రోకటిపోటులా తల తిరుగుడు కూడా మొదలైంది. గోడ పట్టుకుని నడుస్తున్నాను.

కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమదానికి మాటలు అందడం లేదు, దెబ్బలు మాత్రమే అందుతున్నాయి. తలుపు వేస్తే తెలుస్తుంది. లారీ పోతే తెలుస్తుంది. రోజూ పాత క్యాసెట్ పెట్టుకుని స్పీకర్‌కి చెవి ఆనించి కూర్చుంటున్నాను. వాడి గొంతు లేదు, గిటార్లు లేవు. తలుపు మీద వాడు కొట్టే మూడు దెబ్బలు మాత్రం మొన్నటి దాకా వచ్చాయి. నిన్న పెడితే రెండే వచ్చినట్టనిపించింది. ఇవాళ క్యాసెట్ పెట్టలేదు.

కాపీ తీయలేదని నిన్ను నువ్వు తిట్టుకోకు. చింపవద్దన్నది నేను. పోస్టు వద్దన్నది నేను. నమ్మకమైన చేతులు కావాలన్నాను, నమ్మకమైన చేతులకే ఇచ్చావు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు. సత్యవాణిగారిని కూడా ఏమీ అనకు. మామగారికి మూత్రం ఎత్తిపోస్తున్న మనిషిని పాటలడిగితే మన మొహాన ఉమ్మేస్తారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటుంది. నీ ఆర్డరు వస్తే నాకు పంపకు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉంటుంది. నువ్వే చింపి, నువ్వే విను. విని, పాట చివర ఏం జరిగిందో నాకు రాయి. నీ చేత్తో రాస్తే నేను విన్నట్టే అనుకుంటాను. ఏమీ కలపకు, ఏమీ తీయకు.

తీస్తారు. చూడు.

అక్క

*

సెంబవాంగ్
జులై 1998

అక్కా,

వచ్చింది. విన్నాను. పందెం నువ్వు గెలిచావు.

మూడో చరణం దాకా మన క్యాసెట్‌లో ఉన్నట్టే ఉంది. అప్పుడు కరెంటు పోయిన చోటికి రాగానే లైటు వైపు చూశాను, ఈసారి పోలేదు. వాడు నేనే, మీ ఇంటివాణ్ణే అంటాడు. తలుపు కొడతాడు. ఒక్క క్షణం ఏమీ ఉండదు. అప్పుడు గడియ తీసిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది, పాతకాలపు ఇనుప గడియ. తలుపు కిర్రుమంటుంది. వెంటనే డ్రమ్ములు, నాలుగు పెద్ద దెబ్బలు, ఒకదాని మీద ఒకటి. ఆ మీద గిటార్లన్నీ ఒక్కసారి అందుకుంటాయి. లోపలున్న జనమంతా కలిసి పాడతారు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా. చివరి నిమిషమంతా డ్రమ్ములే, ఊరేగింపు వెళుతున్నట్టు. కౌశల్ కూడా గంటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయాడు.

నువ్వు పదిహేనేళ్ళుగా చెప్పిందే నిజం. ప్రతి తలుపూ మూసే ఉంటుందనుకునే నా బుద్ధికి చెప్పుదెబ్బ.

కృష్ణమూర్తి అంకుల్ తండ్రి పోయారని తెలిసింది. కర్మలయ్యాక ఆంటీ వైజాగ్ వస్తుందట. ఇప్పుడా సీడీ వచ్చినా రాకపోయినా ఒకటే, పెట్టెలో దాచుకో. ఆరోగ్యం జాగ్రత్త. సెలవు వచ్చే నెల మళ్ళీ అడుగుతాను.

ఉదయ్

*

విశాఖపట్నం
ఆగస్టు 1998

ఉదయ్,

సత్యవాణిగారు వచ్చారు. మనిషి సగమైపోయారు. సీడీ నా చేతిలో పెట్టి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పారు, చాలాసేపు చెప్పారు. క్షమించమని అయి ఉంటుంది. నేను తల ఊపుతూ ఉన్నాను. ఇప్పుడు అందరికీ తల ఊపుతున్నాను.

చెవులు రెండూ పోయాయి. సూదులు అయిపోయాయి, దగ్గు తగ్గింది.

నీ ఉత్తరం నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేను. దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. డ్రమ్ములని రాశావు కదా, నాలుగు పెద్ద దెబ్బలు, ఆ మీద నిమిషం పాటు ఊరేగింపు. ఆ దెబ్బలైనా అందుకుందామనిపించింది. సీడీ పెట్టి సౌండు చివరిదాకా తిప్పి, స్పీకర్ మీద రెండు అరచేతులూ ఆనించాను. చేతులకి బాగానే తెలుస్తుంది, నాకూ అప్పుడే తెలిసింది. మూడో చరణం దాకా పాట చేతుల్లో నడిచింది. ఎన్ని వందలసార్లు విన్నానో, ఎక్కడ ఏముందో వేళ్ళకే తెలుసు.

ఆ తర్వాత నువ్వు రాసినవేవీ రాలేదు.

తలుపు దెబ్బలు వచ్చాయి. మూడు. ఆగి మళ్ళీ మూడు. మళ్ళీ మూడు, ఇంకా మెల్లగా. డ్రమ్ముల కోసం చెయ్యి తీయకుండా చూశాను. దెబ్బలు పలచబడి పలచబడి, ఉన్నాయో లేవో తెలియకుండా అయిపోయాయి. ప్లేయర్ మీద పధ్నాలుగు అంకె ఆరిపోయి పదిహేను వచ్చింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. నాలుగోసారికి జనార్ధనరావు గారు చెవులు మూసుకుని మెట్లెక్కి వచ్చి ప్లేయర్ ఆపేశారు. అంత చప్పుడు పెట్టానట.

పందెం ఓడిపోతే ఏడుస్తాననుకున్నావా? నేను ఓడిపోవడం కొత్త కాదు. నువ్వు నా మీద జాలిపడి రాశావు, నాకు తెలుసు. కానీ ఒక్కటి ఆలోచించు. ఇకమీదట నాకు వానొచ్చిందని ఎవరో చెప్పాలి. నా పేరు పిలిచారని ఎవరో చెప్పాలి. డాక్టరు ఏమన్నాడో, బజారులో నా వెనక ఏమన్నారో, అన్నీ మనుషులు చెప్పిందే నమ్మాలి. అందరూ జాలిపడి మంచిమాటే చెబితే నేను ఏ లోకంలో ఉన్నట్టు? మొట్టమొదటి పని నీకే అప్పజెప్పాను. మొదటి పనే ఇలా చేశావు.

నా చేతులకి అందని సంగతులు ఆ పాటలో ఉండొచ్చు. మళ్ళీ విని రాయి. ఉన్నది రాయి. లేకపోతే ఇక ఉత్తరం రాయకు.

అక్క

*

సెంబవాంగ్
ఆగస్టు 1998

అక్కా,

మళ్ళీ విన్నాను.

గడియ లేదు. డ్రమ్ములు లేవు. జనం లేరు. కౌశల్ వంటింట్లోంచి రాలేదు, వాడు ఆ రోజు ఇంట్లోనే లేడు. మూడో చరణం కాగానే వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. తలుపు కొట్టడం ఒక్కటే ఉంటుంది. నీ చేతులు చెప్పింది నిజం.

నీ చేతులకి అందనిది ఒక్కటే ఉంది. దెబ్బలు పలచబడ్డాక, చివరిదానికి ముందు, వాడు గుసగుసగా ఒక మాటంటాడు. పాడటం కాదు, మామూలుగా అంటాడు. "లోపల దీపం కనిపిస్తోంది" అంటాడు. అంటే ఇంట్లో మనిషి ఉంది. వింటూనే ఉంది. వాడికి అది తెలుసు. తెలిసి ఇంకొక్కసారి కొడతాడు.

తీయరు, అక్కా. పాట అక్కడితో అయిపోయింది.

సెలవు ఈ నెల కూడా ఇవ్వలేదు.

ఉదయ్